మన వాద్యబృందము: ఒక యేటి కృషి, ఒక కృతజ్ఞత

సంవత్సరాంతమున లెక్క చూచుకొనుట గృహస్థునకు ఎంత అవసరమో సంఘమునకును అంత అవసరము. జమ ఒక ప్రక్కను, ఖర్చు ఒక ప్రక్కను వ్రాసి, నిల్వ యెంతో తేల్చుకొననిదే మరుసటి యేటి పద్దు తెరచుట సరికాదు. నాందేడులోని మన తెలుగు కుటుంబముల వాద్యబృందము గడచిన ఉగాది మొదలు త్యాగరాజ ఆరాధన వరకు నాలుగు పర్యాయములు సభ ముందు కూర్చున్నది. ఆ నాలుగు సభలను విన్నవారిలో మేమొకరము. ఏర్పాట్లలో చేయి వేసినవారిలోను మేమొకరము. కావున ఈ సంచికలో మాకు దొరకిన స్థలమును కేవలము పొగడ్తకు వినియోగించినచో తప్పుడు లెక్క వ్రాసినట్లగును; కేవలము తప్పులెన్నుటకు వినియోగించినచో కృతఘ్నత యగును. రెండింటిని వాని వాని గడులలో వ్రాయుటకు ప్రయత్నింతుము.

ముందుగా జమ వైపు. వాద్యబృందమనగా వేదికపై కూర్చుండి వాయించువారు మాత్రమే కారు. ఏడాది పొడవునను ఆదివారపు అభ్యాసమునకు తమ ముందుగదిని ఇచ్చి, పదునలుగురికి టీ కాచి పోసిన ఇల్లాలు మా బృందములోనివారే. వర్గణి పుస్తకము చేతబట్టుకొని ఎండనక వాననక దుకాణము దుకాణము తిరిగిన యువకులు మా బృందములోనివారే. అడుగక మునుపే తివాచీలను, దీపములను పంపిన మరాఠీ పొరుగువారు, పరీక్షల దినములలో సైతము పిల్లలను అభ్యాసమునకు పంపిన తలిదండ్రులు, హైదరాబాదు వెళ్ళినప్పుడెల్ల వీణ తీగలు కొనితెచ్చి వెల అడుగని రైల్వే ఉద్యోగి, వీరందరును ఆ లెక్కలోనివారే. తమ పేర్లు అచ్చు వేయవద్దని వారే కోరినందున వ్రాయలేదు. వారికి తెలియును; వారిని ఎరిగిన మనకును తెలియును. సంఘము పక్షమున వారందరికి చేతులెత్తి నమస్కరించుచున్నాము.

ఇక వాద్యబృందమను మాటను గురించి కొంచెము చెప్పవలసియున్నది. పలువురు కలసి వాయించుట మన దేశమునకు క్రొత్త కాదు. నాట్యశాస్త్రములో భరతముని వాద్యముల సమూహమునకు కుతపమని పేరు పెట్టి, ఎవరెవరు ఎచ్చట కూర్చుండవలయునో కూడ చెప్పినాడు. మన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో నానావిధములైన వీణలను పేర్కొన్నాడు. ఐనను మన సంగీతమునకు స్వభావము వేరు. ఒకరు పాడుదురు, తక్కినవారు ఆ పాటను నీడవలె వెంబడింతురు. అందరును సమానముగ, ముందు వ్రాసిపెట్టుకొన్న క్రమమున వాయించు పద్ధతి ఆధునిక కాలమున బలపడినది. 1952లో ఆకాశవాణి ఢిల్లీలో వాద్యవృందమును నెలకొల్పి, హిందూస్థానీ వైపు పండిత రవిశంకర్‌ను, కర్ణాటక వైపు టి.కె. జయరామ అయ్యర్‌ను నిర్వాహకులుగ నియమించినది. తరువాతి కాలమున మన ఈమని శంకరశాస్త్రి (1922–1987) ఆ వృందమును నడపి, తెలుగు వైణికుడు భారతదేశపు వాద్యములన్నింటిని ఒక్క చేతి సన్నతో నడిపింపగలడని నిరూపించినారు.

మా బృందమునకు అంతటి పేరు లేదు, అంతటి సామగ్రియు లేదు. ఒక వీణ, మూడు వయొలిన్లు, రెండు వేణువులు, ఒక మాండొలిన్, ఒక హార్మోనియము, తబలా, ఢోలకు, కంజీర, తంబుర, రెండు జతల తాళములు. వీణ బొబ్బిలిది, ఒకే పనసమ్రానున తొలిచినది. రాజమహేంద్రవరమునుండి ఈ యూరికి కోడలిగ వచ్చినప్పుడు ఒక పెద్దమ్మ తన వెంట తెచ్చుకొన్నది. గోదావరి నాందేడు మీదుగ బాసరకు, బాసర మీదుగ రాజమహేంద్రవరమునకు పోవుచున్నది; ఈ వీణ మాత్రము ఎదురీది వచ్చినది. మృదంగము లేదు. తబలా వాయించువారు మరాఠీ మిత్రులు. వారికి తెలుగు రాదు. మా సమీక్షకు వీరి విషయము ముఖ్యమగును గనుక ముందే చెప్పితిమి.

ఉగాదినాడు పిల్లలు ముత్తుస్వామి దీక్షితుల (1775–1835) నొట్టుస్వర సాహిత్యములు కొన్ని వాయించిరి. ఆనాడే మన పొరుగువారికి గుఢీ పాడ్వా. ఎదురింటి గుమ్మమున గుఢీ, మన గుమ్మమున మామిడాకు. చేతిలో వేపపూత ఇరువురిదియు. దీక్షితులవారు ఇంగ్లీషు బ్యాండు వరుసలను విని, వానికి సంస్కృత సాహిత్యము కూర్చినారు. అవి శంకరాభరణ స్వరములలో నడచును, గమకములు లేవు, స్వరము మీద స్వరము మెట్లవలె ఉండును. ఏడాది నేర్చిన పిల్లలకు ఇంతకంటె తగిన పాఠము లేదు. వారు శ్రుతి తప్పలేదు, కాలము తప్పలేదు. ఎంపిక చేసిన పెద్దలను అభినందింపవలెను.

శ్రీరామనవమికి రామదాసు కీర్తనలు. జమాఖర్చు పుస్తకముతో జీవితము గడపిన మాబోటివారికి, తహశీల్దారు పని చేసి లెక్కలో చిక్కి పాటలో నిలిచిన కంచెర్ల గోపన్న యెడల ప్రత్యేకాభిమానము సహజము. ఆ రాత్రి వాద్యములు ఎత్తుకొన్న క్షణముననే సభ అంతయు పాడనారంభించినది. బృందము వాయించినదా, సభ పాడినదా యని చెప్పలేని స్థితి కలిగినది. రసము మాట వచ్చినచో ఏడాదిలో అదియే మేటి సభ. కాని పాడినవారెవరు? మేము చుట్టును చూచితిమి. పాడినవారందరు ఏబది దాటినవారు. పిల్లలు తాళము వేయుచుండిరి. కొందరు పెదవులు కదుపుచుండిరి. ఆనాడు ఇది మా మనసున తట్టి తొలగిపోయినది. తరువాత తిరిగి వచ్చినది.

దసరా సభ మాత్రము ఆశించినట్లు జరుగలేదు. మైకులు తబలాకు, హార్మోనియమునకు దగ్గరగను, వీణకు దూరముగను అమర్చబడెను. ముందువరుసలో కూర్చున్న మాకే వీణ వినబడలేదు. వెనుకవారి మాట చెప్పనేల. అంతకంటె పెద్ద చిక్కు శ్రుతిది. హార్మోనియపు మెట్లు బిగించినవి. స్వరమునకు స్వరమునకు మధ్యనున్న జారుబాట అందులో లేదు. వయొలిన్ ఆ జారుబాటలోనే బ్రతుకును. తోడిలోని గాంధారమును వయొలిన్ ఊపుచుండగా హార్మోనియము కొయ్యవలె ఒక్కచోట నిలిచినచో, రెండును సరియైనవే ఐనను కలసి తప్పగును. ఆకాశవాణి 1940లో హార్మోనియమును వెలివేసి, 1971 వరకు తన గుమ్మము తొక్కనీయలేదన్న సంగతి చాలమందికి తెలియును. మేము అంత కఠినులము కాము. ఈ యూరి భజనకు పేటియే ప్రాణము. దానిని కాదన్నచో మన భజనమందిరములు సగము మూగవోవును. గమకప్రధానమైన రాగములందు హార్మోనియము షడ్జపంచమములను పట్టి యూరకుండుటయే మర్యాద. వాయించువారు మా యభిప్రాయమును విని, నవ్వి, ఆరాధననాడు అట్లే చేసిరి. విమర్శకునకు ఇంతకంటె సన్మానము వేరొకటి లేదు.

ఇక పుష్య బహుళ పంచమి, త్యాగరాజస్వామి ఆరాధన. ఏడాది అంతయు ఈ సభకే సిద్ధపడితిమనుట సత్యము. తిరువయ్యారులో స్వామి సమాధి శిథిలమై యుండగా, తన సొమ్ముతో మంటపము కట్టించి 1925లో ప్రతిష్ఠ జరిపించినది బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952). ఆనాటి పెద్దలు ఆరాధనలో స్త్రీలను పాడనీయకుండిరి. ఆమె వెనుదీయక స్త్రీలచే వేరుగ పాడించినది. విడిపోయిన పక్షములు 1940 ప్రాంతమున ఏకమై, అందరు కలసి పంచరత్నములు పాడు ఆచారము అటుపిమ్మట స్థిరపడినది. నేడు దేశదేశములందు తెలుగువారు, తెలుగు రానివారు కూడ కలసి పాడుచున్న ఆ గోష్ఠి వెనుక ఒక స్త్రీ యొక్క పంతము, తన యాస్తినంతయు ధారపోసిన త్యాగము ఉన్నవి. సంగీతమునకు పోషకులు ఎట్టివారై యుండవలెనో చెప్పుటకు ఆమె కథ చాలును.

మా బృందము ఐదింటిలో నాట, ఆరభి, శ్రీరాగముల కృతులను మాత్రమే ఎన్నుకొన్నది. వరాళిని గురువు శిష్యునకు నేరుగ చెప్పరాదను నమ్మకము నేటికిని ఉన్నది; గౌళకు మా సాధన చాలలేదు. చేతనైనంత మేరకే చేయుట వివేకము. నాట కృతి గంభీరముగ ఆరంభమైనది. మూడు వయొలిన్లు ఒక్క కమానుతో లాగినట్లు వినబడినవి. సభ నిశ్శబ్దమైనది. మాకు గర్వము కలిగినదని దాచనేల?

ఆరభి వచ్చుసరికి మాకొక సందేహము కలిగినది. పంచరత్నముల నిర్మాణము ఎరిగినవారికి తెలియును: చరణములలో మొదట స్వరము పాడుదురు; పిదప అదే వరుసకు సాహిత్యము పాడుదురు. గాత్రమున ఈ భేదము తానే తెలియును, ఏలయన మొదటిసారి స్వరాక్షరములు, రెండవసారి మాటలు. వాద్యమున మాట లేదు గదా, భేదము ఎట్లు తెలియవలెను? తెలియుటకు మార్గము కలదు. వైణికులు సాహిత్యమును అనుసరించి మీటుదురు. అక్షరము పలుకు చోట మీటు పడును, అక్షరము సాగుచోట మీటు లేక నాదము సాగును. వయొలిన్ వారికి కమాను మార్పు, వేణువు వారికి ఊపిరి. మాట నడుమ కమాను తిప్పిన మాట విరుగును. మాట నడుమ ఊపిరి తీసిన మాట చచ్చును. ఈ మర్మము తెలిసిన చేతిలో మాట లేని తీగ కూడ తెలుగు పలుకును.

మా బృందమున ఆ పెద్దమ్మ వీణ ఒక్కటియే అట్లు పలికినది. తక్కిన వాద్యములలో స్వరభాగము, సాహిత్యభాగము ఒక్కతీరుగ, ఒకే పాఠమును రెండుసారులు అప్పగించినట్లు వినబడినవి. కమానులు తాళపు దెబ్బకు తిరిగినవి గాని మాట ముగింపునకు తిరుగలేదు. తప్పు స్వరము ఒక్కటియు లేదు. ఐనను కృతి సగమే వచ్చినది.

చిత్రమేమనగా, తెలుగు రాని తబలా మిత్రులు ఈ విషయమును మా కంటె ముందు గ్రహించిరి. ఉగాదినాడు వారు ఠేకాను గడియారమువలె నడిపిరి. ఆరాధననాటికి పెద్దమ్మ ప్రక్కన కూర్చుండి, ఆమె మెల్లగ పాడుకొనుచుండగా విని, మాట ముగియుచోట చేయి తేలిక చేయుట నేర్చిరి. భాష తెలియకున్నను పాటను అడిగి తెలిసికొన్నవారు వారొక్కరే.

సభానంతరము ప్రసాదము పంచుచుండగా ఒక మరాఠీ వృద్ధులు, మా వీధివారే, వయొలిన్ వాయించిన పదునేడేండ్ల బాలుని వీపు తట్టి, చివరి కృతి తమ కన్నులు తడిపినదని చెప్పి, దాని యర్థమేమని మరాఠీలో అడిగిరి. చివరిది శ్రీరాగ కృతి. లోకములోని మహనీయులందరికి స్వామి చేసిన వందనము అది. బాలుడు కొంతసేపు నిలిచి, ‘ముఝే మాలూమ్ నహీఁ, కాకా’ అని తల వంచుకొన్నాడు. తెలుగులో కాదు, మరాఠీలోను కాదు. సిగ్గుపడినప్పుడు ఈ యూరి పిల్లలు హిందీలోనికి దాగుకొందురు. వాని స్వరపుస్తకమును మేము అటుపిమ్మట చూచితిమి. స్వరములు దేవనాగరిలో ఉన్నవి, సాహిత్యము లేనేలేదు.

బాలుని తప్పు ఇందు లేశమును లేదు. వాడు మరాఠీ బడిలో చదివినాడు. ఇంట తెలుగు మాటలాడును, చదువలేడు. సాహిత్యము వాద్యమునకు అక్కరలేదని అభ్యాసములో నిర్ణయించినవారము మేము. కాలము కలసివచ్చునని, పిల్లలు త్వరగ నేర్తురని, స్వరము మాత్రము వ్రాసియిచ్చితిమి. తెలుగు చదువలేని పిల్లలకు వాద్యబృందము సులువైన ఆశ్రయమని కొందరు పెద్దలు సంతోషించిరి, మేమును సంతోషించితిమి. మాట రాకున్నను పాట నిలుచుననుకొంటిమి. ఆ సాయంకాలము ఆ వృద్ధుల ప్రశ్న మా లెక్కలోని తప్పును చూపినది. అర్థము చెప్పలేకపోవుట వేరు, సాహిత్యభాగము తేలిపోవుట వేరు అని మేము మొదట తలచితిమి. ఆలోచింపగా రెండును ఒక్కటే. మాట తెలియని కమానునకు ఎచ్చట తిరుగవలెనో ఎట్లు తెలియును?

ఇందుకు ఒక ఆక్షేపణ రావచ్చును. వాద్యము మాటకు దాసి యేల కావలెను? ఈమని శంకరశాస్త్రిగారు ఆదర్శ శిఖరారోహణమను పేర హిమాలయ శిఖరమును మానవుడెక్కిన ఘట్టమును కేవలము వాద్యములతోనే రూపించలేదా? నిజమే. అది వాద్యములకొరకే పుట్టిన కూర్పు. దాని భావము నాదములోనే కలదు. త్యాగరాజ కృతి అట్టిది కాదు. అది ఒక మనిషి తన దైవముతో తెలుగున మాటలాడిన మాట. ఆ మాటను విప్పి పారవేసి వరుసను మాత్రము ఉంచుకొన్నచో, ఉత్తరమును చించి కవరును దాచుకొన్నట్లగును.

ఈ యూరిలో ఉండియు మేమీ పాఠమును నేర్చుకొనకపోవుట మరింత వింత. సచ్‌ఖండ్ హుజూర్ సాహిబులో కీర్తనము వినని నాందేడు వాసి లేడు. అచ్చట హార్మోనియము, తబలా ఉన్నవి. కాని అవి వాణికి వెనుక నడచును, ముందు నడువవు. పంజాబునకు ఇంత దూరమున స్థిరపడిన సిక్కు కుటుంబములు తమ పిల్లలకు గురుముఖి నేర్పి, గ్రంథమును కన్నుతో చదువునట్లు చేయుచున్నవి. వినికిడి మాత్రము చాలునని వారు ఊరకుండలేదు. మనకు బాసర రైలు దూరమే. పిల్లలకు అక్షరాభ్యాసము చేయించుటకు అచ్చటికి పోయి, పలకపై తెలుగు ఓనమాలు దిద్దించి, ఇంటికి వచ్చి ఆ పలకను అటకమీద పెట్టుచున్నాము.

తెలుగు చదివినచో పిల్లలు మరాఠీకి దూరమగుదురను భయము కొందరికి కలదు. చరిత్ర తెలిసిన ఆ భయము ఉండదు. తంజావూరును 1684 నుండి 1712 వరకు ఏలిన శాహజీ మరాఠీ భోంసలే వంశీయుడు. ఆయన తెలుగున యక్షగానములు రచించినాడు. త్యాగరాజస్వామి 1767లో జన్మించినదియు ఆ మరాఠీ రాజుల ఏలుబడిలోనే. అనగా తమిళుల నేలపై, మరాఠీల నీడలో, తెలుగు మాటలో ఈ కృతులు పుట్టినవి. దక్షిణాది భజనపద్ధతిలో నేటికిని అభంగములు పాడుచున్నారు. మరాఠీ రాజు తెలుగున వ్రాసి మరాఠీతనమును పోగొట్టుకొనలేదు. మన పిల్లవాడు తెలుగు చదివి మహారాష్ట్రమునకు పరాయివాడు కాడు. పైగా, అర్థమడిగిన పొరుగింటి పెద్దకు మరాఠీలో విప్పి చెప్పగలిగినవాడే రెండు భాషలకును నిజమైన బంధువు.

కావున వచ్చు ఏటికి మా మనవి నాలుగు మాటలలో ముగింతుము. ఒకటి, ఏ కృతినైనను ముందు గాత్రమున పాడి, కంఠస్థమైన పిదపనే వాద్యమున ఎత్తుకొనవలెను. వాద్యము పట్టిన ప్రతివాడును పాడవలెను, గొంతు బాగుండనక్కరలేదు. రెండు, స్వరపుస్తకములో స్వరము క్రింద సాహిత్యమును తెలుగు లిపిలో వ్రాయించవలెను. మొదట ప్రక్కన దేవనాగరి ఉన్నను తప్పు లేదు. ఆదివారపు అభ్యాసములో తొలి అరగంట లిపికి కేటాయింపుడని నిర్వాహకులను కోరితిమి, వారంగీకరించిరి. పలక పట్టించు పనికి మేము ముందుకు వచ్చితిమి. సంగీతమున మా చేయి పనికిరాదు గాని గుండ్రని వ్రాత మాకు అలవాటే. మూడు, సభలు నాలుగుండనక్కరలేదు. రెండు చాలును, కాని కృతులు పూర్తిగ పండవలెను. నాలుగు, మృదంగము నేర్చుకొనగోరు ఒక బాలునకు వాద్యము కొనియిచ్చుటకు వర్గణిలో కొంత ప్రత్యేకింపవలెను.

ఈ వ్యాసము వ్రాయునాటికి అట్టి ఆదివారములు ఆరు గడచినవి. వయొలిన్ బాలుడు మొదటి దినమున రాలేదు, నొచ్చుకొన్నాడేమోనని భయపడితిమి. రెండవ వారము వచ్చినాడు, తన చెల్లెలిని కూడ వెంటబెట్టుకొని వచ్చినాడు. గుణింతము వరకు వచ్చియున్నాడు. మొన్న శ్రీరాగ కృతి పల్లవిని కూడబలుకుకొని చదివి, కమాను తీసి, మాట ముగిసినచోట తిప్పినాడు. పెద్దమ్మ ఏమియు అనలేదు. తన వీణపై ఆ పల్లవినే మరల మీటినది. ఈసారి రెండును కలిసినవి.

పద్దు ముగించుచున్నాము. ఖర్చు వైపు మా తొందరపాటు, మా అలసత్వము, సులువు వెదకిన మా బుద్ధి. జమ వైపు గదినిచ్చిన ఇల్లాలు, వర్గణి తెచ్చిన యువకులు, తివాచీ పరచిన పొరుగువారు, మాట అడిగి తెలిసికొన్న తబలా మిత్రులు, ప్రశ్న అడిగిన ఆ వృద్ధులు. వారి ప్రశ్నను సైతము జమలోనే వ్రాయుచున్నాము. ఈ యేడు మాకు వచ్చిన విరాళములలో అంత విలువైనది వేరొకటి లేదు. రాబోవు ఆరాధనకు వారిని ముందువరుసలో కూర్చుండబెట్టుదుము. అప్పుడు వారడిగినచో, ఆ బాలుడే మరాఠీలో సమాధానము చెప్పును.